ఒక్కపూట కాపురం

తనిఖీకి మనిషి వస్తున్నాడని తెలియగానే ఆవిడ ఆ ఖాళీ గదిలో కాపురం పెట్టేసింది.

కొత్త టూత్ బ్రష్షులు నీళ్ళలో ముంచింది. సబ్బును అరిగేదాకా నేలకేసి రుద్దింది. ఉల్లిపాయలు వేయించి గదంతా వాసన పట్టించింది. బట్టలు కుట్టే చెయ్యి కదా, అతుకు కనపడకుండా పని చెయ్యడం ఆవిడకు వెన్నతో పెట్టిన విద్య. రోజూ బస్సు నడిపే మొగుడు మాత్రం గుమ్మానికీ కిటికీకీ మధ్య ట్రిప్పులు కొడుతున్నాడు.

పాపం, వాళ్ళనీ ఏమనలేం. నచ్చిన బడి ఎంచుకోండి, ఫీజు మేమే కడతామంటూ ప్రభుత్వం కూపన్ చేతిలో పెట్టింది. తీరా పెద్ద బడికి వెళితే, మా వీధిలో ఉండేవాళ్ళ పిల్లల్నే మేం ఎంచుకుంటామన్నారు బడివాళ్ళు! వీళ్ళ పేటలోనూ బడి ఉంది. అక్కడ ఒక్కరే పంతులు, ఇటు తిరిగి ఒక తరగతికీ అటు తిరిగి ఇంకో తరగతికీ పాఠం చెబుతాడు. కూతురి చదువు సగం ఆయన వీపు చూడ్డంతోనే సరిపోతోందని ఆ తల్లికి కడుపు మండింది. అందుకే పెద్ద బడి ఎదురింట్లో మేడ మీది గదిని పేరుకి అద్దెకు తీసుకుంది. తాళంచెవి చేతికొచ్చింది ఈ పొద్దుటే. నిజంగా అక్కడే ఉంటున్నారా అని చూడ్డానికే ఈ తనిఖీ.

"దొరికిపోతే?" అన్నాడు మొగుడు.

"కూపనూ పోతుంది, సీటూ పోతుంది. అందుకే మీరు నోరు విప్పకండి."

అధికారి రానే వచ్చాడు. నవ్వడం ఎప్పుడో మానేసిన మొహం.

"లైటెయ్యండి."

మొగుడు ఒక స్విచ్ నొక్కాడు. ఫ్యాను తిరిగింది. ఇంకోటి నొక్కాడు. కిందెక్కడో గంట మోగింది. అధికారి చూస్తూ నిలబడ్డాడు.

"నీళ్ళెప్పుడొస్తాయి?"

"పొద్దున్నే సార్," అంది ఆవిడ తడుముకోకుండా.

"మేడ మీదికి ఎక్కుతాయా?"

"బ్రహ్మాండంగా ఎక్కుతాయి సార్."

"మధ్యాహ్నం ఎండ కొడుతుందా? ఇంటావిడ ఎలాంటి మనిషి?"

అన్నీ అక్కడ నిజంగా ఉండేవాళ్ళకే తెలిసే సంగతులు. ఆవిడకు చెమటలు పట్టాయి. అయినా గది చల్లగా ఉంటుందంది, ఇంటావిడ దేవత అంది. ఆయన గోడలు తట్టి చూశాడు. కిటికీ తీసి బడి గేటు ఎంత దూరమో చూశాడు. గోడ బీరువా తెరిచి అరల లోతు చూశాడు.

అప్పుడే కూతురు కొంగు పట్టుకు లాగింది.

"అమ్మా, ఇక్కడ బాత్రూమ్ ఎక్కడుంది?"

మొగుడు గట్టిగా కళ్ళు మూసుకున్నాడు.

"నేనూ అదే అడుగుదామనుకుంటున్నా," అన్నాడు అధికారి.

ఇక లాభం లేదని ఆవిడ చేతులు జోడించింది. "తప్పయిపోయింది సార్. దాని చదువు పాడు చెయ్యకండి." అంతవరకూ బింకంగా ఉన్న మనిషి వెక్కి వెక్కి ఏడ్చింది.

అధికారి గుమ్మం దాకా వెళ్ళి, మెట్ల మీద ఎవరూ లేరని చూసి, తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"ఊరుకోండమ్మా, ఇక్కడే ఉంటున్నారని రాస్తాలెండి," అంటూ గొంతు తగ్గించాడు. "వచ్చే ఏడు మావాణ్ణి కూడా ఈ బడిలోనే వెయ్యాలి. మీలాగే మేమూ ఇక్కడ ఉండకుండానే ఉండాలంటే, అద్దె ఎంతమ్మా?"