మందుల షాపులో ఆరా

“ఆ పేరయ్య కూతురు నీ కాడ ఫిట్స్ బిళ్ళలు కొంటందా లేదా? ఒక్క ముక్కలో తేల్చు!”

రోశయ్య కౌంటరు మీద అరచేత్తో చరిచాడు. పొదిలి బస్టాండు పక్కనున్న ఆ మెడికల్ షాపు నాజియాది. షాపున్న బిల్డింగు రోశయ్యది. సాయంత్రం అతని కొడుక్కీ ఆ పేరయ్య కూతురికీ పెళ్ళి తాంబూలాలు మార్చుకోవాలి. ఇంతలో పిల్లకు ఫిట్స్ అని ఎవరో పుణ్యాత్ములు చెవిలో ఊదారు. ఆ వైపు సంబంధం కుదుర్చుకునేవాళ్ళు ఇరుగుపొరుగుతో ఆగరు, మందుల షాపులో కూడా ఆరా తీస్తారు.

“ఎవరేం కొంటారో నేను చెప్పనండి,” అంది నాజియా.

“చెప్పటంలా అంటే ఉన్నట్టేగా?”

“ఉన్నా చెప్పను, లేకపోయినా చెప్పను. రేపెవరన్నా మీ గురించి అడిగినా ఇంతే.”

“పెళ్ళిపీటల మీద పడి కొట్టుకుంటే నా పరువేం గాను?”

“ఫిట్స్ వస్తే పరువెందుకు పోద్దండీ? పక్కకి తిప్పి పడుకోబెడితే కాసేపటికి తేరుకుంటారు. బిళ్ళ మానకుండా వేసుకుంటే చాలామంది నిక్షేపంగా కాపురాలు చేసుకుంటున్నారు.”

“నాకు పాఠాలు చెప్తన్నావా? షాపు ఖాళీ చెయ్యి!”

నాజియాకు ఒళ్ళు మండిపోయింది. ఇలాంటి వాళ్ళ నోళ్ళకు జడిసే కదా, ఆడవాళ్ళు బిళ్ళల్ని బియ్యం డబ్బాల్లో దాచుకుని మింగేది!

“ఎప్పుడు చెయ్యమంటారు?”

రోశయ్య తడబడ్డాడు. బతిమాలుతుందనుకున్నాడు మరి. “ఇప్పుడే!”

“సరేనండి.”

ఆమె ఖాళీ అట్టపెట్టె ఒకటి లాగి, ర్యాకులోని మందులు దించడం మొదలుపెట్టింది. ఇంటిల్లిపాదీ తింటున్నది ఆ షాపు మీదే. అయినా ఆగలేదు.

రోశయ్య, ఇంతసేపూ వెనకాల నిలబడ్డ భార్య వైపు తిరిగాడు. “చూశావా చెంచమ్మా, దీని పొగరు! పద, సంబంధం వద్దని చెప్పేద్దాం. మనకి ఆ రోగం ఇంటా వంటా లేదు. అట్టాంటి ఆడది నా గడప తొక్కటానికి వీల్లేదు.”

చెంచమ్మ గుమ్మం వైపు కాదు, కౌంటరు దగ్గరికి నడిచింది.

“ఆ సర్దుడు ఆపి, ఈ నెల నా ఫిట్స్ బిళ్ళలు ఇయ్యమ్మా నాజియా,” అని మొగుడి మొహంలోకి సూటిగా చూసింది. “తొక్కి ముప్పై ఏళ్ళయిందయ్యా!”