ఒక్క ఎత్తిపొడుపు కూడా

“ఇవాళ ఒక్క ఎత్తిపొడుపు మాట మైకులో వినబడిందా, వచ్చే శనివారం నుంచి ఆ వేదిక మీ మొహం చూడదు” అంది ఫిలిప్పా. టౌన్‌హాలు కమిటీ పెద్ద ఆమే.

ఆల్డెన్ చిన్నబుచ్చుకున్నాడు. అమెరికాలో వెర్మాంట్ కొండల్లోని ఆ ఊళ్లో కాంట్రా నాట్యం అంటే ఆల్డెనే. జంటలు రెండు వరసల్లో ఎదురెదురుగా నిలబడితే, తర్వాతి అడుగేమిటో మైకులో చెప్పేది ఆయన. ఆ అడుగులు కూర్చేదీ ఆయనే. కూర్పులో ఆయనకు సాటి లేరని శత్రువులు సైతం ఒప్పుకుంటారు. శత్రువులకు కొదవ లేదు కాబట్టి, ఆ ఒప్పుకోలుకు చాలా బలముంది.

నిజంగానే ఆయన కూర్పు వెన్నలా జారుతుంది. ఒక చుట్టు ఎక్కడ ముగుస్తుందో, పట్టుకోవలసిన తర్వాతి చెయ్యి సరిగ్గా అక్కడే అందుతుంది.

“నా నాట్యానికి బుర్రతో పని లేదు. మిమ్మల్ని చూసే అలా కూర్చాను” అనేవాడు మైకులో.

పాడి రైతు బర్ట్‌ను ఒకసారి, “నీ ఆవులు నీకంటే ముందు కుడిఎడమలు నేర్చుకుంటాయి” అన్నాడు. కొత్తగా పెళ్లయిన జంట ఒకటి వస్తే, “ఇప్పుడే ఇలా తొక్కుకుంటున్నారు, ముందు ముందు ఇంకేం చేస్తారో” అన్నాడు. వాళ్లు మళ్లీ రాలేదు. వాళ్లలా ఇంకా చాలామంది రాలేదు.

ఆల్డెన్ భార్య కాన్‌స్టెన్స్ భక్తురాలు. చర్చిలో మొదటి వరస ఆమెదే.

“కాళ్ల సంగతంతా దేవుడు నీకే చెప్పేశాడు. నోటి సంగతి చెప్పడం మరిచిపోయాడు” అంది, ఫిలిప్పా అటు వెళ్లగానే.

“అయితే ప్రార్థన చెయ్యి. నా నోరు మూయించమను.”

“రోజూ చేస్తున్నది అదేగా. ఆయనొక్కడి వల్ల అయ్యేలా లేదు.”

ఆల్డెన్ జనం మధ్యలోకి దిగాడు. కొత్త నాట్యాన్ని ముందుగా సంగీతమూ మైకూ లేకుండా, నెమ్మదిగా నడిపించి చూపడం అక్కడి పద్ధతి. చేదు మందు పుక్కిట పట్టినవాడిలా ఓపిగ్గా నేర్పాడు. అంతసేపూ ఆయన మైకు, మంచినీళ్ల సీసా పట్టుకుని కాన్‌స్టెన్స్ వేదిక మెట్ల దగ్గర నిలబడింది. హాల్లో ఉక్కపోతకి అందరూ కోట్లు విప్పేసి కొక్కేలకు తగిలించారు. ఆమె మాత్రం విప్పలేదు.

“మంచి మాటలే రావాలి” అంటూ మైకు అందించింది.

“చూద్దాంలే.”

ఆల్డెన్ తల ఊపగానే ఫిడేలు అందుకుంది. పియానో హోరెత్తింది. కాసేపు ఆయన బుద్ధిమంతుడిలాగే అడుగులు చెప్పాడు. అంతలో బర్ట్ అడ్డంగా తిరిగాడు.

“బర్ట్! నువ్వు బయట నిలబడి నీ ఆవుల్ని లోపలికి పంపు!”

అనేశాడు. అయిపోయింది. ఆల్డెన్ కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

తెరిచి చూస్తే ఒక్కరూ తలెత్తలేదు. బర్ట్ నవ్వుతూ, ఎదురొచ్చిన చెయ్యి అందుకుని దారిలో పడిపోయాడు. ఆల్డెన్‌కు ఒళ్లు మండింది. తిట్టినా గుచ్చుకోకపోతే ఇక తిట్టిన సుఖమేముంది?

“ఫిలిప్పా! అది నాట్యమా, బీరువా జరుపుతున్నావా?”

ఫిలిప్పా వెలిగిపోతున్న ముఖంతో వేదిక ముందు నుంచి గిర్రున తిరుగుతూ వెళ్లింది. ఇక ఆయన ఆగలేదు. ఇన్నేళ్లూ దాచుకున్నవన్నీ పేరు పేరునా వడ్డించాడు. ఎవరికీ చీమ కుట్టినట్టయినా లేదు. పక్కనున్న ఫిడేలు ముసలాయన మాత్రం కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. ఊళ్లో ఒక్కడైనా రసికుడున్నాడు అనుకున్నాడు ఆల్డెన్.

ఆయన చెయ్యెత్తగానే సంగీతం ఆగింది. చప్పట్లు మాత్రం ఓ పట్టాన ఆగలేదు.

ఫిలిప్పా నేరుగా వచ్చింది. ఆల్డెన్ టోపీ తీసుకుని వెళ్లిపోవడానికి సిద్ధపడ్డాడు.

“ఆల్డెన్ గారూ, ఈ వేదిక ఎప్పటికీ మీదే. ఇవాళ మీరు చేసింది మీరు తప్ప ఎవరూ చెయ్యలేరు!”

బర్ట్ వచ్చి వాటేసుకున్నాడు. “ప్రతి శనివారం ఇలాగే ఉండు బాబూ.”

ఆ మాటలు ఆల్డెన్‌కు పూర్తిగా అర్థం కాలేదు. పొగడ్తలు కాబట్టి వివరం అడగలేదు.

హాలు ఖాళీ అయ్యాక, అటు తిరిగి కోటు తొడుక్కుంటూ భార్యతో అన్నాడు. “చూశావా? మారాల్సింది నేను కాదు, వాళ్లు. ఇన్నాళ్లకు మాట పడే ఓర్పు వచ్చింది. నీ ప్రార్థనలన్నీ దండగ.”

“ఆమెన్” అంటూ కాన్‌స్టెన్స్ తన కోటు జేబులోంచి బ్యాటరీలు తీసి, తిరిగి మైకులో పెట్టేసింది.