పెనం మడ్డి

సుసన్నా ఇంట్ల దోశ తింటే కడుపులకు సగం పెనం మడ్డే పోతదని పక్క క్వార్టర్ రెజీనా లైనంతా చెప్పుకుంటూ తిరిగిందట. కొత్తకోడలు ఫెబాకు తల కొట్టేసినట్టయింది.

మొగుడు బొగ్గుబాయిల వాడే రబ్బరు గ్లౌజులు తొడుక్కొని, ఇనుప పెనానికి కాస్టిక్ సోడా పూసి, కవర్ల చుట్టి పెరట్ల పెట్టింది.

"వద్దే పిల్లా, పెనం పాడైతది," అని అత్త సుసన్నా నెత్తి కొట్టుకుంది.

"నిప్పుల్లేసి కాలిస్తే పగుల్తది గని, సోడాకు మడ్డే ఊడుతదత్తమ్మా."

మర్నాడు రెజీనాను పిలిచి, ఆమె ముంగటనే కడిగింది. మడ్డి పెచ్చులు పెచ్చులుగా లేచింది. పిడి మీద చెక్కిన పేరు బయటపడ్డది: రెజీనా.

"సుసన్నక్కా! గిది పోయిందని నీ ఇంట్లనే కూసొని ఏడిస్తి గదా!"

ఫెబా అత్త మొఖం చూసింది.

సుసన్నా కోడలి మీదికే లేచింది. "మరి ఇన్నేండ్లు నేనెందుకు తోమలేదనుకున్నవే?"