ఎవరి వైపు నుంచి?

"ఒక్క కారణం చెప్పండి డాక్టరమ్మా. ఎనిమిది నెలలుగా అడుగుతున్నాను," అన్నాడు గుండీల కొట్టు యజమాని.

పక్కన భార్య. ఆమె పక్కన, ఎవరికీ వినబడని గొంతులకు తల ఊపుతూ, కాలేజీ మానేసిన కూతురు.

డాక్టరమ్మ మళ్లీ మొదలుపెట్టింది. స్కిజోఫ్రీనియాకు ఒకే కారణం ఉండదు. వంశంలో కొంత, పుట్టేటప్పుడు పడిన ఇబ్బంది కొంత, గంజాయి లాంటి అలవాట్లు కొంత, మనసు మీద ఒత్తిడి కొంత. పెంపకం తప్పు మాత్రం కాదు.

ఆయనకు చిర్రెత్తింది. కొంత, కొంత అంటే బేరం ఎప్పటికి తెగేను? వేళ్లు మడిచాడు. కాన్పు సుఖంగా అయింది. గంజాయి మొహం పిల్ల ఎరగదు. క్లాసులో మొదట వచ్చే పిల్లకు ఒత్తిడేమిటి? ఇక మిగిలింది వంశం.

"అది వీళ్ల వైపే. ఈవిడ మేనమామ ఇల్లొదిలి పోయి మళ్లీ రాలేదు. మా వైపు ఎవరికీ లేదు. నన్నే చూడండి. ఇరవై రెండేళ్లలో ఒక్క పూట కొట్టు మూయలేదు. పొద్దున నడక, భోజనం కాగానే ఒక బలం మాత్ర. అంతే," అంటూ జేబులోని గుండీల డబ్బా గలగలలాడించాడు. మాత్రలు అందులోనే పోసుకు తిరుగుతాడు.

ఆ మేనమామ ఎనిమిది నెలలుగా రోజూ వాళ్లింట్లో భోజనానికి కూర్చుంటున్నట్టే ఉంది భార్యకు.

"వంశం సంగతి నేనడిగేది తగవు తీర్చడానికి కాదండీ." డాక్టరమ్మ గొంతులోనూ విసుగు. "రెండు మందులు వాడాం, గుణం లేదు. ఇంట్లో ఇంకెవరికైనా ఈ జబ్బు ఉండి, వాళ్లకు ఏ మందు పడిందో తెలిస్తే మాకు ఒక దారి దొరుకుతుంది. ముందే తెలిసుంటే పాపకు ఇన్ని నెలలు పోయేవి కావేమో. ఆలోచించి చెప్పండి."

"మా వైపు ఎవరూ లేరన్నానుగా," అన్నాడు, గోడ గడియారం వైపు చూస్తూ.

ఆవిడ మూడో మందు రాసిచ్చింది.

ఇంటికి రాగానే భార్య అట్ట చించి, మాత్ర అరచేతిలో వేసుకుంది. కొట్లో గుండీలు ఏరేది ఆమే. ఎవరు ఊడిన గుండీ తెచ్చినా, వంద తెల్లవాటిలోంచి దాని జత తీసిస్తుంది. మాత్రను వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పింది. వంపు తిరిగిన అంచు. మధ్యలో సన్నటి గీత.

"ఏవండీ," అంది మెల్లగా, "ఇది మీరు పెళ్లయినప్పటి నుంచీ వేసుకుంటున్న బలం మాత్రే కదా?"