మగ్గం దగ్గు

చెల్లె లింగవ్వా, నీ దగ్గు ఎలా ఉంది? మరిది దగ్గు తగ్గలేదు కదా? పెద్దోడిది? కోడలిది? ఈ దిగులుతో నాకు నిద్ర పట్టడం లేదు.

నిన్న మీ బావ వాకిట్లో దగ్గాడు. ఇన్నేళ్లుగా మగ్గాల దుమ్ముకు దగ్గుతుంటే తిరిగి చూడని ఇరుగుపొరుగువాళ్లు, నిన్న కరోనా అని ఫోన్ కొట్టారు. వెంటనే ఆసుపత్రి బండి వచ్చింది. ఈ పరాయి రాష్ట్రంలో కూడా అందులో మన తెలుగు డాక్టరే ఉన్నాడు. ముక్కులో పుల్ల పెట్టి చూసి, "కరోనా కాదమ్మా, మగ్గం దగ్గు. దీన్ని పూర్తిగా పోగొట్టే మందు లేదు" అని బండెక్కబోయాడు.

నేను అడ్డం నిలబడ్డాను. "కరోనాకు ఏడాదిల సూది తెచ్చిన్రు. గీ దగ్గుకు ఎందుకు తేలేదు సారూ?"

"దీని మందు వెతకడానికి పైసలు తక్కువమ్మా."

"తక్కువని ఎట్ల తెలుస్తది?"

"ఎందరు బాధపడుతున్నారో, మందు వెతకడానికి ఎంత ఖర్చు పెడుతున్నారో పక్కపక్కన పెట్టి చూడాలి. ఇక్కడ దగ్గేవాళ్లెందరో ఎవరూ లెక్కపెట్టలేదు. ఉట్టి చేతులతో పోయి సర్కారును ఏమడగను?"

"మంది కావాల్నా? గది నాకిడిసిపెట్టు బిడ్డా!"

దగ్గేవాళ్లందరినీ లెక్క రాసుకోవడానికి మా వాడకు ఊపిరి కొలిచే మిషన్ తెస్తానన్నాడు. మీ ఊరు కడోదరా నుంచి మీరందరూ పొద్దున్నే వచ్చేయండి. మరిదిని మాత్రం అప్పటిదాకా దగ్గు తగ్గించుకోవద్దని చెప్పు. మిషన్ వచ్చేది ఆదివారం, ఫిబ్రవరి ఏడున.