గింజ తిన్నవాళ్లకు ప్రవేశం లేదు

చిన్న కథే, రెండు ముక్కల్లో చెప్పేస్తాను. నాకిది చెప్పింది ఒక కొండమీది తాబేలు; తన వయసు మూడొందల ఏళ్లంటుంది. దాని చెల్లెలేమో డెబ్భై అంటుంది. సరే, మనకెందుకు!

ఆ కొండమీద పూర్వం తావో సాధువులు, అంటే చావులేని బతుకు కోరిన చైనా సన్యాసులు, తపస్సు చేసిన గుహ ఉంది. లోపల అడుగుపెడితే చావు రాదని నమ్మకం. ధాన్యం తింటే ఆయుష్షు తరుగుతుందని ఆ సాధువులు పెట్టిన నియమం ఒకటుంది: గింజ తిన్నవాళ్లకు మాత్రం ప్రవేశం లేదు. వాకిట ఒంటికాలి మీద కొంగ కాపలా.

ఒకరోజు కుందేలు రొప్పుతూ వచ్చింది. "కొంగ తాతా, చిరుత తరుముతోంది! లోపలికి పోనీ!"

"మీసానికి ఆ కొర్రగింజ ఏమిటి?"

"పొద్దున రెండే తిన్నాను తాతా! అదిగో, వచ్చేస్తోంది!"

"రెండైనా గింజలేగా. పక్కకు జరుగు."

కుందేలు బండసందులో ఊపిరి బిగబట్టి ముడుచుకుంది. చిరుత వచ్చి వాకిట నిలబడింది. కొంగ బెదరలేదు.

"నాయనా, ఎప్పుడైనా గింజ తిన్నావా?"

"పుట్టాక ఒక్కటీ ముట్టలేదు తాతా."

కొంగ కళ్లు చెమ్మగిల్లాయి. "ఇన్నాళ్లకు నియమం తెలిసినవాడివి దొరికావు! రా నాయనా" అంటూ తానే దారి చూపిస్తూ లోపలికి తీసుకెళ్లింది.

కుందేలు ఇంటికి పోయింది. ఇప్పుడు గుహ వాకిట చిరుత కూర్చుంటోంది. గింజ తిన్నవాళ్లు కూడా రావచ్చంటోంది.