కన్యారాశిలో సంబంధం

"ఇవి పెండ్లిచూపులా, పబ్లిక్ పరీక్షనా?" డాబా మెట్లెక్కుతూ ఆయాసపడ్డాడు మేనమామ భోజన్న. "బిచ్కుందాయన పాయె. కొడప్‌గల్ ఆయన పాయె. గీ నస్రుల్లాబాద్ ఆయనను గూడ ఎల్లగొట్టినవనుకో, ఇగ నేను సంబంధాలు తేను!"

సిరీష పట్టించుకోలేదు. ఫిరంగిలా నిలబెట్టిన టెలిస్కోప్‌ను అటూ ఇటూ తిప్పుతోంది. బడిలో సైన్సు చెప్పే సిరీషది ఒకటే షరతు. వచ్చినవాడు ముందు ఇందులోకి చూడాలి. చాయ్, మిక్చర్ ఆ తర్వాతే.

బాన్సువాడలో అప్పుడే కరెంటు పోయింది. చీకట్లో ఆకాశం ఇంకా బాగా కనబడుతుందని సిరీష సంబరపడింది. కింద వంటింట్లో అమ్మ చేతిలోంచి గిన్నె జారి ఖంగుమంది. పొద్దుటి నుంచీ అదే వరస. ఇంతలో నస్రుల్లాబాద్ రవీందర్ అక్కతో పాటు పైకొచ్చాడు.

"కన్యారాశిల పెద్ద గెలాక్సీ ఉంటది, కోడిగుడ్డు తీరుగ. దాని పక్కన మసకమసకగ చిన్నయి ఉంటయి. అవెన్నో చెప్పుండ్రి" అంది సిరీష.

"మా తమ్మునిది గూడ కన్యారాశే!" పెండ్లికొడుకు అక్క లస్మవ్వ మురిసిపోయింది. "జాతకం ఇక్కడ్నే కలిసింది."

ఇంతకుముందు వచ్చిన బిచ్కుందాయన కన్ను పెట్టీ పెట్టగానే ఏడు లెక్కపెట్టాడు. అడక్కుండానే రంగులు కూడా చెప్పాడు. కొడప్‌గల్ ఆయనైతే, "గిసొంటియి మా పొలం కాడ రోజూ చూస్త" అన్నాడు. కనబడనిది కనబడిందనే మనిషి ఇంట్లోకొస్తే బతుకంతా ఎలా వేగడం? సిరీష ఫికరంతా అదే.

రవీందర్ కళ్లద్దాలు తీసి వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు. చివరికి నడుం పట్టుకుని లేచాడు.

"పెద్దది కనవడ్తుంది, జొన్నపిండి రాలినట్టు. పక్కన ఏం లెవ్వు."

లస్మవ్వ తమ్ముణ్ని గిల్లింది. "రెండో మూడో చెప్పరాదురా!"

"కనవడనియి ఎట్ల చెప్పాలక్కా?"

భోజన్న తల పట్టుకున్నాడు. ఇదీ పోయింది.

సిరీష గొంతు మాత్రం మెత్తబడింది. "సూటిగ చూడకుండ్రి. జర పక్కకు చూడుండ్రి. మసకయి గట్లనే కనవడ్తయి."

రవీందర్ మళ్లీ వంగాడు. ఊపిరి బిగబట్టాడు.

"ఆ... ఒకటి. అగో, ఇంకోటి! ఇందాక యాడున్నయి ఇవి?"

"అక్కడ్నే."

"అయితే నాదే తప్పు." నవ్వుతూ పక్కకు జరిగాడు. "అక్కా, రా, నువ్వు గూడ చూడు."

లస్మవ్వ కన్ను పెట్టి, "నాకంతా చీకటేరా" అంది. అతను విసుక్కోలేదు. జర పక్కకు చూడమంటూ సిరీష చెప్పిన మాటే నెమ్మదిగా ఆమెకు చెప్పసాగాడు.

సిరీష అదంతా చూస్తూ నిలబడింది. తర్వాత మేనమామ వైపు తిరిగి తలూపింది. ఆయన నమ్మలేదు. మళ్లీ ఊపింది.

అప్పుడు మెట్ల మీదికి వంగి గట్టిగా కేకేసింది.

"అమ్మా, చాయ్ మామ పోస్తడు గాని, నువ్వు ఇగ సిగ్గువడుడు బంద్ చేసి పైకి రా, నీ పెండ్లికొడుకు దొరికిండు!"